ఒక భుజం నుంచి ఇంకో భుజానికి: కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ లైన్ ఎందుకు జరుగుతుంది?

టెక్సాస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో చదువుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో శనివారం వచ్చిందంటే ఆ ఊరు ఎలా మారిపోతుందో వాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ స్టేడియం, లక్షమందికి పైగా పట్టే కైల్ ఫీల్డ్, కిక్కిరిసిపోతుంది. కొత్తగా వెళ్లినవాళ్లు ఎవరైనా బంతినే చూస్తారు. నేనూ కొన్నేళ్లపాటు అలాగే చూశాను. బంతి ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ చేతికి అందుతుంది, అతను దాన్ని విసురుతాడు, లేదా పక్కవాడికి అందిస్తాడు, వాడు పరిగెడతాడు, ఎవరో ఒకరు పట్టి పడేస్తారు. ఆటంటే ఇంతే అనుకునేవాణ్ణి.

తర్వాతెప్పుడో ఒక స్నేహితుడు, "బంతి కదలకముందు మధ్యలో వంగి ఉన్న ఆ పెద్దవాళ్లని చూడు" అన్నాడు. చూశాను. ఒక చెయ్యి నేలకానించి వంగి ఉన్న నలుగురూ, ఎవరో తాడు పట్టి లాగినట్టు, ఒక్కసారిగా జానెడు ఎడమకి జరిగారు. వెంటనే బంతి కదిలింది. బంతి అందుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ తను అనుకున్న దారిలోకి రెండడుగులు వేశాడు, అక్కడ సందు లేదు, పక్కకి తిరిగాడు, గజం దాటకముందే పడిపోయాడు. పట్టి పడేసినవాడి పేరు మైకులో వినిపించింది. జరిగిన ఆ నలుగురి పేర్లు ఎవరూ చదవలేదు. కాలేజీ కోచ్‌లు వారమంతా తలలు బద్దలుకొట్టుకునేది మాత్రం ఆ జానెడు గురించే.

ముందు రూలు సంగతి చూద్దాం. జట్టుకి పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు, అంటే అఫెన్స్, నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి వెళ్లాలి. దాని ముందు వరసలో ఐదుగురు కచ్చితంగా ఉంటారు: మధ్యలో బంతిని వెనక్కి అందించే సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్ల పక్కన ఇద్దరు టాకిల్స్. కొన్నిసార్లు చివర్న టైట్ ఎండ్ అని ఇంకొకడు చేరతాడు. వీళ్లకి ఎదురుగా డిఫెన్స్ వాళ్లు ముగ్గురో నలుగురో నిలబడతారు. వీళ్లనే డిఫెన్సివ్ లైన్ అంటాం. రెండు వరసల మధ్య ఖాళీ బంతి పొడవంతే, సుమారు 11 అంగుళాలు. ఇందులో ఒక పెద్ద తేడా ఉంది. అఫెన్స్ లైన్‌మన్ ఒకసారి చెయ్యి నేలకానించాడంటే బంతి కదిలేదాకా కదలకూడదు. డిఫెన్స్‌కి ఆ కట్టుబాటు లేదు. గీత దాటనంతవరకు చివరి క్షణం దాకా ఎటైనా జరగొచ్చు. బంతి ఎప్పుడు కదులుతుందో, ఎటు వెళ్తుందో అఫెన్స్‌కి ముందే తెలుసు, డిఫెన్స్‌కి తెలియదు. దానికి సరితూగేలా డిఫెన్స్ చేతిలో ఉన్నది ఈ జరిగే స్వేచ్ఛ ఒక్కటే. కాలేజీ రూల్ పుస్తకం దీన్ని ఎంత గట్టిగా పట్టించుకుంటుందంటే, "మూవ్", "స్టెమ్" అనే మాటలు డిఫెన్స్‌కే కేటాయించింది. లైన్ జరగమని చెప్పే ఆ మాటల్ని అఫెన్స్ వాడకూడదు. అలాగే బంతి కదిలించమనే సంకేతంగా అఫెన్స్ కొట్టే చప్పట్లు డిఫెన్స్ కొట్టకూడదు.

అంకె చెప్పేది చోటు గురించి

ఈ ఆటలో 'టెక్నిక్' అనే మాట కొత్తవాళ్లని తికమక పెడుతుంది. మనం టెక్నిక్ అంటే పనితనం అనుకుంటాం. ఇక్కడ మాత్రం "అతను త్రీ టెక్నిక్" అంటే ముందుగా అతను ఎక్కడ నిలబడ్డాడన్నదే.

దీని కథ కూడా కాలేజ్ స్టేషన్‌కే వస్తుంది. బేర్ బ్రయంట్ 1954 నుంచి 1957 వరకు టెక్సాస్ ఏ అండ్ ఎం హెడ్ కోచ్‌గా ఉన్నారు. టెక్సాస్ హైస్కూల్ కోచ్‌గా పేరు తెచ్చుకున్న బమ్ ఫిలిప్స్ అక్కడ ఆయన దగ్గర పనిచేశారు. డిఫెన్స్‌లో ఎవరెక్కడ నిలబడాలో అంకెలతో చెప్పే పద్ధతి ఫిలిప్స్‌ ఆలోచనేనని చెప్తారు. బ్రయంట్ తర్వాత అలబామా వెళ్లి పాతికేళ్లు అక్కడే ఉన్నారు, ఆయనతోపాటు ఈ అంకెలు దేశమంతా పాకాయి. అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ అవే వాడుతున్నారు.

సెంటర్‌కి సరిగ్గా ఎదురుగా, హెల్మెట్‌కి హెల్మెట్ పెట్టి నిలబడితే 0. అతని ఏదో ఒక భుజం మీదకి జరిగితే 1. గార్డ్‌కి ఎదురుగా 2, గార్డ్ బయటి భుజం మీద 3. టాకిల్‌కి ఎదురుగా 4, బయటి భుజం మీద 5. టైట్ ఎండ్‌కి ఎదురుగా 6, అతని బయటి భుజం మీద 9. లోపలి భుజం మీదైతే అంకె పక్కన 'ఐ' చేరుస్తారు: 2ఐ, 4ఐ. టైట్ ఎండ్ దగ్గర వరస కొంచెం తప్పుతుంది, అతని లోపలి భుజాన్ని చాలాచోట్ల 7 అంటారు. దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. మనకి ముఖ్యమైనవి 0, 3, 4ఐ, 5.

మనుషులకి అంకెలైతే, మనుషుల మధ్య సందులకి అక్షరాలు. సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్య ఏ గ్యాప్, గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య బి గ్యాప్, టాకిల్ అవతల సి గ్యాప్. ఇవి రెండు వైపులా ఉంటాయి. పరుగు ఎప్పుడైనా వీటిలో ఏదో ఒక సందులోంచే రావాలి. కాబట్టి ప్రతి సందుకీ ఒక కాపలాదారు ఉండాలి. ముందు వరసలో నలుగురే ఉంటే నాలుగు సందులే మూసుకుంటాయి. మిగిలినవి వెనక నాలుగైదు గజాల దూరంలో నిలబడ్డ లైన్‌బ్యాకర్ల వంతు.

ఇప్పుడు 3లో ఉన్నవాడు 2ఐకి జరిగాడనుకోండి. గార్డ్ బయటి భుజం నుంచి లోపలి భుజానికి, అంటే ఒక మనిషి వెడల్పు. నిన్నటిదాకా బి గ్యాప్ అతనిది, ఇప్పుడు ఏ గ్యాప్ అతనిది. బి గ్యాప్ ఖాళీ అయింది, దాన్ని లైన్‌బ్యాకర్ చూసుకోవాలి. లైన్‌బ్యాకర్ ముందుకొస్తే అతని వెనక చోటు ఖాళీ అవుతుంది, అక్కడికి అందరికంటే వెనక కాపలా ఉండే సేఫ్టీ దిగాలి. అఫెన్స్ వైపు కూడా లెక్క మారుతుంది. 3లో ఉన్నవాణ్ణి గార్డ్ ఒక్కడే ఎదుర్కోవలసి రావచ్చు. 2ఐలో ఉన్నవాడి మీదకి సెంటర్ కూడా సులభంగా చేరతాడు. ఇన్ని మార్పులూ ఒక్కడు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి జరిగినందుకే. అందుకే లైన్ సర్దుబాటుని ఆ లైన్‌మన్ ఒక్కడినే చూసి అర్థం చేసుకోలేం. అతను జరిగేది చాలావరకు తన వెనక ఉన్నవాడి కోసం.

చేతులు, కాళ్లు, చూపు

చోటు మారితే సరిపోదు, ఒళ్లు కూడా మారాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది, టీవీలో కనిపించనిదీ ఇదే.

డిఫెన్సివ్ లైన్‌మన్‌కి రెండు రకాల పనులు ఇస్తారు. మొదటిది వన్ గ్యాప్: నీ సందు ఇది, బంతి కదలగానే అందులోంచి దూసుకుపో. ఇందులో అతను బంతికి వీలైనంత దగ్గరగా వంగుతాడు, బరువంతా నేలకానించిన చేతి మీద వేస్తాడు. మొదటి అడుగు ముందుకే. ఎదుటివాడి గుండెకాయతో అతనికి పనిలేదు, సగం మనిషే కావాలి. ఒక భుజాన్ని ఎదుటివాడి చంక కిందనుంచి పైకి లేపుతూ దూరిపోతాడు. చెవులకి పనిలేదు, క్వార్టర్‌బ్యాక్ కేకలకి కదిలితే మోసపోతాడు. కంటి కొసలోంచి బంతిని చూసి అది కదిలినప్పుడే లేవాలి. 1980ల్లో జిమ్మీ జాన్సన్ మయామీ యూనివర్సిటీలో ఈ దూసుకుపోయే పద్ధతితోనే అందర్నీ హడలెత్తించారు.

రెండోది టూ గ్యాప్: ఎదుటివాణ్ణి పట్టుకుని నిలబడు, అతనికి రెండు వైపులా ఉన్న సందులు నీవే. ఇందులో మొదటి అడుగు బెత్తెడే. రెండు చేతులూ ఎదుటివాడి ఛాతీ కవచం కిందికి, బొటనవేళ్లు పైకి, మోచేతులు పక్కటెముకలకి ఆనుకుని. అక్కణ్ణుంచి చేతులు పూర్తిగా చాచి అతన్ని తనకి దూరంగా నిలబెట్టాలి. అప్పుడే అతని భుజం మీదుగా బంతి ఎటు వెళ్తోందో కనిపిస్తుంది. కనిపించాక అతన్ని ఒక పక్కకి తోసి రెండో పక్కకి వెళ్లాలి. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరగాలి. చేతులు ఎదుటివాడి చేతుల కంటే బయట పడ్డాయంటే అయిపోయినట్టే. ఎవరి చేతులు లోపల ఉంటే, ఎవరి భుజం కింద ఉంటే వాళ్లదే పైచెయ్యి.

ఒకే కుర్రాడు మొదటి క్వార్టర్‌లో దూసుకుపోయి, రెండో క్వార్టర్‌లో పట్టి నిలబడాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. అడుగు వేరు, బరువు వేరు, చూపు వేరు. చిన్నప్పట్నుంచీ "పరిగెత్తి పట్టుకో" అని మెచ్చుకుంటూ పెంచిన కుర్రాడికి "ఆగు, చూడు, అప్పుడు కదులు" అని నేర్పడం కోచ్‌లకి అన్నిటికంటే పెద్ద తలనొప్పి.

పట్టి నిలబడే పద్ధతిలో ఏం సాధించవచ్చో చూపించినవాడు నెబ్రాస్కాకి ఆడిన ఎన్డామకాంగ్ సూ. 2009 డిసెంబర్ 5న డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో బిగ్ 12 అనే కాలేజీ జట్ల కూటమి ఛాంపియన్‌షిప్ ఆట. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇవాళ తెలుగు వినపడని వీధి తక్కువ. ఆ రోజు సూ టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్‌ని రాత్రంతా వెంటాడాడు. 12 టాకిల్స్ (ఇక్కడ ఈ మాటకి బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడమని అర్థం), 4.5 శాక్‌లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా వెనకే పడేసిన లెక్క. లైన్ మధ్యలో ఆడేవాడికి అది ఊహకందని సంఖ్య. అయినా టెక్సాసే 13–12తో గెలిచింది. ఆ ఆట వీడియో దొరికితే సూ చేతులు మాత్రమే చూడండి. ముందు గార్డ్‌ని చాచిన చేతుల దూరంలో నిలబెడతాడు, ఒక క్షణం చూస్తాడు, ఆ తర్వాత అతన్ని తలుపు తీసినట్టు పక్కకి నెట్టేస్తాడు.

ఇక ఇద్దరు కలిసి ఒక్కడి మీద పడే డబుల్ టీమ్. మధ్యలో ఆడేవాళ్లకి రోజువారీ కూడు ఇదే. ఎదురుగా ఉన్నవాడు గుండెల మీద తగులుతాడు, అర క్షణంలో పక్కవాడు తుంటి మీద తగులుతాడు. అక్కడ నిటారుగా ఉంటే ఐదు గజాలు వెనక్కి తోసుకెళ్తారు. అందుకే తుంటి మీద బరువు తగలగానే ఆ వైపు తుంటిని వాళ్లిద్దరి మధ్యలోకి దించి, అవసరమైతే ఒక మోకాలు నేలకానించి, అక్కడే పాతుకుపోవాలి. గెలవక్కర్లేదు, వెనక్కి వెళ్లకపోతే చాలు. వాళ్లిద్దరూ తన దగ్గరే ఇరుక్కుపోయినంతసేపు వెనక లైన్‌బ్యాకర్ మీదకి వెళ్లేవాడు ఉండడు.

కాలేజీ మైదానం తీరే వేరు

డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చూసి కాలేజీ ఆటని అర్థం చేసుకోబోతే కొన్ని అంతుపట్టవు. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కానీ ప్రతి ఆటా రెండు హ్యాష్ గీతల మధ్యే మొదలవ్వాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ గీతల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులు. అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఎప్పుడూ దాదాపు నడిమధ్యే ఉంటుంది. కాలేజీలో బంతి గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు మిగులుతాయి. ఆ వంద అడుగుల వైపుని 'ఫీల్డ్' అనీ, అరవై అడుగుల వైపుని 'బౌండరీ' అనీ అంటారు.

దీనివల్ల కాలేజీలో చాలా జట్లు తమ లైన్‌ని టైట్ ఎండ్ ఏ వైపున్నాడో చూసి కాకుండా, మైదానం ఏ వైపు వెడల్పుగా ఉందో చూసి సర్దుకుంటాయి. 3 టెక్నిక్ ఫీల్డ్ వైపు ఉండాలా, బౌండరీ వైపు ఉండాలా? వెడల్పు వైపు పెడితే లైన్‌బ్యాకర్ ఇంకొంచెం బయటికి జరిగి అటున్న ఖాళీని చూసుకోవచ్చు. ఇరుకు వైపు పెడితే అక్కడ పక్కగీత కూడా ఒక ఆటగాడిలా తోడొస్తుంది కానీ రెండో పక్క వంద అడుగులూ పలచబడుతుంది. దీనికి ఎప్పటికీ ఒకటే జవాబు ఉండదు, ఎదుటి జట్టు అలవాట్లని బట్టి వారం వారం మారుతుంది.

ఇంకో సంగతి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో ఆటగాళ్ల నుంచి వారానికి 20 గంటలకి మించి తీసుకోకూడదు. వాళ్లకి క్లాసులున్నాయి, పరీక్షలున్నాయి. కోచ్ బుర్రలో ఎన్ని ఎత్తులున్నా కుర్రాళ్ల ఒంటికి పట్టేవి కొన్నే. అందుకే మంచి కోచ్‌లు కొత్త పనులు పెంచరు, వచ్చిన నాలుగు పనుల్నే చోటు మార్చి వాడతారు.

క్వార్టర్‌బ్యాక్ చదవడం మొదలుపెట్టాక

పాతకాలంలో లెక్క సూటిగా ఉండేది. పరుగు అటు వెళ్తే ఇటు చివర ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ని అఫెన్స్ ఎవరో ఒకరితో అడ్డుకునేది. అతను తప్పించుకుని వెనకనుంచి వెంటపడి పట్టుకునేవాడు. 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రోడ్రిగెజ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆ లెక్క తిరగబడింది. ఆ ఎండ్‌ని అసలు అడ్డుకోకుండా వదిలేయడం మొదలుపెట్టారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ కడుపు దగ్గర పెట్టి ఆ ఎండ్‌నే చూస్తాడు. ఎండ్ లోపలికి వస్తే బంతి వెనక్కి తీసుకుని అతను ఖాళీ చేసిన చోటు నుంచి తనే పరిగెడతాడు. ఎండ్ ఆగితే బంతి ఇచ్చేస్తాడు. దీన్నే జోన్ రీడ్ అన్నారు. ఏం చేసినా తప్పయ్యేలా ఒక మనిషిని ఇరికించడమే ఇందులో కిటుకు.

డిఫెన్స్ సర్దుబాటు రెండు రకాలుగా వచ్చింది. ఒకటి, ఎండ్‌కి వెంటపడే అలవాటు మాన్పించడం. భుజాలు గీతకి సమాంతరంగా ఉంచి, పీతలా పక్కకి అడుగులేస్తూ, సందు ఇరుకు చేస్తూ, క్వార్టర్‌బ్యాక్‌ని నిర్ణయం తీసుకోనివ్వకుండా సాగదీయడం. రెండోది ఇంకా తెలివైనది. ఎండ్ కావాలనే లోపలికి దూకుతాడు. క్వార్టర్‌బ్యాక్ "దొరికాడు" అనుకుని బంతి తీసుకుని బయటికి వస్తాడు. అప్పటికే ఎండ్ వెనకనుంచి తిరిగి వచ్చిన లైన్‌బ్యాకర్ అక్కడ నిలబడి ఉంటాడు. ఇద్దరూ సందులు మార్చుకున్నారన్నమాట. ఒక్క మాటతో, ఒక్క సైగతో అయిపోయే మార్పు ఇది. ఆ మాట ఒక్కడికి వినపడకపోతే మాత్రం ఇద్దరూ లోపలే ఉంటారు, బయట డెబ్భై గజాల ఖాళీ.

ఆ తర్వాత ఆర్‌పీఓ, అంటే రన్-పాస్ ఆప్షన్ వచ్చింది. ఇది మరీ పెద్ద చిక్కు. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ చూసేది ఎండ్‌ని కాదు, లైన్‌బ్యాకర్‌ని. నలుగురి లైన్‌లో నాలుగు సందులే మూసుకుంటాయని చెప్పుకున్నాం కదా, మామూలుగా ఒక వైపు బి గ్యాప్ ఖాళీగా మిగులుతుంది, దాని కాపలా లైన్‌బ్యాకర్‌ది. అతను ఆ సందు మూయడానికి ముందుకొచ్చాడా, బంతి అతని తల వెనకకి విసురుతాడు. రాలేదా, ఆ సందులోంచే పరుగు. కాలేజీ రూలు దీనికి ఇంకా ఊతమిచ్చింది. బంతి ముందుకి విసిరేలోపు అఫెన్స్ లైన్‌మన్‌లు కాలేజీలో 3 గజాల దాకా ముందుకెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. మూడు గజాలంటే వాళ్లు నిజంగా పరుగుకే అడ్డుపడుతున్నట్టు కనిపిస్తారు, లైన్‌బ్యాకర్ నమ్మక తప్పదు.

తప్పంతా లైన్‌బ్యాకర్‌ మీద పడుతోంది కానీ మందు ముందు వరసలో ఉంది. ఆ బి గ్యాప్‌ని లైన్‌బ్యాకర్ చేతిలో పెట్టడం ఎందుకు, లైన్‌మన్‌కే ఇచ్చేస్తే పోలేదా? అలా వచ్చిందే 'టైట్' ఫ్రంట్. కొందరు 'మింట్' అంటారు. ముగ్గురే లైన్‌మన్‌లు: సెంటర్ ఎదురుగా 0, రెండు వైపులా టాకిల్స్ లోపలి భుజాల మీద 4ఐలు. రెండు బి గ్యాప్‌లూ మూసుకుపోయాయి. మధ్యలో 0లో ఉన్నవాణ్ణి నోస్ అంటారు, అతను రెండు ఏ గ్యాప్‌లనీ బిగబట్టి ఉంచుతాడు. ఇప్పుడు లైన్‌బ్యాకర్ తొందరపడక్కర్లేదు. ఒక క్షణం ఆగి, పాస్ కాదని తేలాక కదలొచ్చు. పరుగు మధ్యలోంచి రాలేక పక్కకి తిరుగుతుంది, అక్కడ వేగంగా పరిగెత్తే తేలికపాటి ఆటగాళ్లు కాసుకుని ఉంటారు.

5 నుంచి 4ఐకి జరగడమంటే మళ్లీ ఒక మనిషి వెడల్పే. కానీ దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. 5లో ఉన్నవాణ్ణి టాకిల్ ఎదురుగా ఉండి ఆపుతాడు, గార్డ్ ఖాళీగా లైన్‌బ్యాకర్ మీదకి పోతాడు. 4ఐలో ఉన్నవాడు అప్పటికే టాకిల్‌కి లోపల ఉన్నాడు. టాకిల్ అతని ముందుకి చేరేలోపే అతను సందులో ఉంటాడు. చేసేదిలేక గార్డ్ అతన్ని కూడా చూసుకోవాలి. గార్డ్ అక్కడ ఆగాడంటే లైన్‌బ్యాకర్ స్వేచ్ఛగా ఉన్నట్టే. ఈ పనికి పొడుగు చేతులు కావాలి, అంతకంటే ఓర్పు కావాలి. 4ఐలో ఆడేవాడికి శాక్‌లు పెద్దగా రావు. క్వార్టర్‌బ్యాక్ అతనికి చాలా దూరం, మధ్యలో జనం ఎక్కువ.

అయోవా స్టేట్ డిఫెన్స్ కోచ్ జాన్ హీకాక్ 2017 సీజన్‌లో ఇలాంటి ముగ్గురి లైన్ వెనక ముగ్గురు సేఫ్టీలని నిలబెట్టే పద్ధతికి వచ్చారు. అక్టోబర్ 7న నార్మన్‌లో, దేశంలో మూడో ర్యాంకులో ఉన్న ఓక్లహోమాని ఆ జట్టు 38–31తో ఓడించింది. ఆ ఏడాది అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన బేకర్ మేఫీల్డే అవతలి క్వార్టర్‌బ్యాక్. 31 పాయింట్లు ఇచ్చినవాళ్లది గొప్ప డిఫెన్సా అని అడగొచ్చు. పెద్దగా స్టార్ ఆటగాళ్లు దొరకని జట్టు ఆ అఫెన్స్‌కి ఎదురునిలిచిందన్నదే మిగతా కోచ్‌లని కదిలించింది. తర్వాతి ఏళ్లలో దేశం నలుమూలల నుంచీ ఆ పద్ధతి నేర్చుకున్నారు.

అదే ఆలోచన స్టార్లున్న చోట పడితే ఏమవుతుందో 2021 జార్జియా చూపించింది. కోచ్ కర్బీ స్మార్ట్. మధ్యలో జోర్డన్ డేవిస్, ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు, బరువు 340 పౌండ్లు, అంటే 154 కిలోలు. ఆ సీజన్‌లో జార్జియా ఆటకి సగటున 10.2 పాయింట్లే ఇచ్చింది, ఫైనల్లో అలబామాని 33–18తో ఓడించింది. డేవిస్ ఆ ఏడాది చేసిన శాక్‌లు రెండే రెండు. అయినా దేశంలో అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే బెడ్నారిక్ అవార్డు అతనికే వచ్చింది. నాకు చాలా నచ్చిన విషయమిది. ఇద్దరు లైన్‌మన్‌లని తన దగ్గరే కట్టిపడేసి వెనకవాళ్లకి దారి చేసినందుకు ఒకణ్ణి గుర్తించారు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2022 మొదటి రౌండ్‌లో, ఆ డిఫెన్స్ నుంచి ఐదుగురు వెళ్లారు, వాళ్లలో ట్రావాన్ వాకర్, డేవిస్, డెవాంటే వాయట్ ముగ్గురూ ముందు వరసవాళ్లే.

అయితే టైట్ ఫ్రంట్ సర్వరోగ నివారిణేమీ కాదు. సి గ్యాప్ పలచగా ఉంటుంది. అఫెన్స్ ఇద్దరు టైట్ ఎండ్‌లని తెచ్చి, గార్డ్‌ని వరసలోంచి బయటికి లాగి పరిగెత్తిస్తే, లోపల బిగించుకున్న ముగ్గురూ అక్కడే ఉండిపోతారు, పరుగు బయటనుంచి పోతుంది. అలాంటి వారం వచ్చినప్పుడు కోచ్ మళ్లీ నలుగుర్ని దించుతాడు, 4ఐని బయటికి, 5కో 7కో జరుపుతాడు.

మోకాళ్ల వారం

అన్నిటికంటే వింత సర్దుబాటు అమెరికా సైనిక కాలేజీలైన ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ జట్లతో ఆట ఉన్నప్పుడు చూడాలి. వీళ్లు ఏళ్ల తరబడి ట్రిపుల్ ఆప్షన్‌ని నమ్ముకున్నవాళ్లు. పాల్ జాన్సన్ కోచ్‌గా ఉన్న 2008–2018 మధ్య జార్జియా టెక్ కూడా ఇదే ఆడింది. బంతి మధ్యలోంచి పరిగెత్తే ఫుల్‌బ్యాక్‌కి పోవచ్చు, క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉండొచ్చు, బయట ఇంకొకడికి విసరొచ్చు. ముగ్గురికీ ముగ్గుర్ని కేటాయించాలి. నీ మనిషి దగ్గర బంతి లేకపోయినా నువ్వు అతన్ని వదలకూడదు. బంతి వెంట పడినవాడే ఆ రోజు జట్టుని ముంచుతాడు.

పైగా వీళ్ల లైన్‌మన్‌లు తొడల కింద పడి అడ్డుకుంటారు. అందుకని వారమంతా నేర్చుకున్న చేతుల పని మార్చాలి. ఛాతీ కోసం వెళ్లే చేతులు ఇప్పుడు ఎదుటివాడి హెల్మెట్ మీదకి, భుజాల మీదకి కిందికి పోవాలి, కాళ్లు వెనక్కి జరగాలి. ప్రాక్టీసులో పెద్ద పెద్ద గాలి బంతులు మోకాళ్ల మీదకి దొర్లిస్తారు. మూడు వందల పౌండ్ల కుర్రాళ్లు వంగి వాటిని అరచేతులతో నేలకి నొక్కుతూ వెనక్కి అడుగులేస్తుంటే చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. శనివారం ఆ అరచేతులే మోకాలి చిప్పల్ని కాపాడతాయి. 2022లో ఎన్‌సీఏఏ నడుం కింద అడ్డుకోవడాన్ని లైన్ మధ్య ప్రాంతానికే పరిమితం చేసింది. మధ్యలో ఆడేవాళ్లకి మాత్రం ఆ ముప్పు పోలేదు.

ఆట నడుస్తుండగా

వారమంతా వేసుకున్న లెక్క మొదటి పది నిమిషాల్లో తప్పొచ్చు. అప్పుడు కోచ్ బెంచీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లైన్‌మన్‌లని అడిగే మొదటి ప్రశ్న, "నీకు ఎవరు తగిలారు?" అనే. గార్డ్ ఒక్కడేనా, సెంటర్ కూడా వచ్చాడా, తుంటి మీద తగిలింది ఏ వైపు? పైనుంచి చూసే కోచ్‌కి ఒక ఆకారం కనిపిస్తుంది, ఆ బరువు తెలిసేది కుర్రాడికే. 2024 నుంచి కాలేజీలో ఆట మధ్యలో ట్యాబ్లెట్‌లో వీడియో చూసుకోనిస్తున్నారు కాబట్టి చెప్పినదాన్ని అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

కుర్రాళ్లు కూడా ఊరికే ఉండరు. ఎదురుగా వంగి ఉన్న గార్డ్ వేళ్లు చూస్తారు. నేలకానించిన వేళ్ల కణుపులు తెల్లబడ్డాయంటే బరువు ముందుకి వేశాడు, పరుగు రావచ్చు. చెయ్యి తేలిగ్గా ఆనించి, పిరుదులు కొంచెం దించి కూర్చుంటే వెనక్కి జరగబోతున్నాడు, పాస్ కావచ్చు. తెలివైన గార్డులు దీన్నే ఎరగా కూడా వాడతారు, అందుకని ఒక్క ఆనవాలునే నమ్ముకోకూడదు.

అదే 2024లో ఇంకో మార్పు వచ్చింది. పెద్ద కాలేజీ జట్లలో డిఫెన్స్ నుంచి ఒక్క ఆటగాడి హెల్మెట్‌లో రేడియో ఉండొచ్చు, కోచ్ అతనితో నేరుగా మాట్లాడొచ్చు. మామూలుగా అది లైన్‌బ్యాకర్‌కి ఇస్తారు. బంతి కదిలించడానికి అఫెన్స్‌కిచ్చే గడువు గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో ఆగిపోతుంది. చాలా అఫెన్స్‌లు సరిగ్గా అప్పుడే తమ ఆటగాళ్ల చోట్లు మారుస్తాయి. టైట్ ఎండ్ ఆ పక్కనుంచి ఈ పక్కకి వచ్చేస్తాడు. కోచ్‌ గొంతు లేదు. లక్షమంది అరుపుల్లో లైన్‌బ్యాకర్ గొంతు మూడు గజాల దూరం కూడా వినపడదు. ముందు వంగి ఉన్నవాడు వెనక్కి తిరిగి చూడలేడు, చూస్తే బంతి కదలడం తప్పిపోతుంది.

అందుకని లైన్‌బ్యాకర్ రెండడుగులు ముందుకొచ్చి, అతని కుడి తుంటి మీద అరచేత్తో గట్టిగా ఒకటి వేస్తాడు. నేల మీది చెయ్యి లేస్తుంది, ఆ పెద్ద శరీరం జానెడు కుడికి జరుగుతుంది, చెయ్యి మళ్లీ నేలకానుతుంది.